రూం పాదుషా మీసం

జమ్మలమడుగులో మా వీధిలో ఇంటికో మగ్గం ఉండేది. మగ్గానికి ఎదురుగా గోడమీద, చనిపోయిన ఇంటిపెద్ద పటం ఒకటి ఉండేది. మా ఇంట్లో మగ్గమూ లేదు, పటమూ లేదు. మగ్గం లేకపోవడానికి కారణం నేను చదువుకొని బోర్డు స్కూల్లో పంతులు కావడం. పటం లేకపోవడానికి కూడా నా చదువే కారణమని మా అమ్మ అనేది. ఆమె అన్న మాటల్లో నేను ఒప్పుకోనివి చాలా ఉన్నాయి గాని, ఇది మాత్రం నిజం.

మా నాయిన మొదటి యుద్ధం ముగిసే రోజుల్లో వచ్చిన విషజ్వరంలో పోయాడు. అప్పుడాయనకు ముప్పై అయిదేళ్లు, నాకు పన్నెండు. ఆ రోజుల్లో ఫోటో తీయించుకోవడమంటే తాసీల్దార్లు చేసే పని. నేతగాళ్లకు ఆ ఆలోచనే రాదు. తర్వాత కాలం మారింది. ప్రొద్దుటూరులో ఒక సాయిబు ఫోటో దుకాణం పెట్టాడు. చూస్తుండగానే పటం లేని ఇంటికి మర్యాద తగ్గింది. మరి దుకాణం రాకముందే పోయినవాళ్ల గతేమిటి? దానికీ సాయిబు దగ్గర ఉపాయం ఉంది. పోయినవాడి కొడుకునో తమ్ముణ్నో కుర్చీలో కూర్చోబెట్టి ఫోటో తీస్తాడు. ఆ గాజుపలక మీద పెన్సిలుతో జుట్టు నెరిపిస్తాడు, సన్నటి కత్తితో ముడతలు గీస్తాడు. కొడుకు కాస్తా తండ్రి అయి ఇంటికొస్తాడు. మా వీధి పటాల్లో సగానికి పైగా అలా తయారైన పెద్దలే. మా ఎదురింటాయన ప్రతి పొద్దునా స్నానం చేసి, భక్తిగా తన మొహానికి తనే దండం పెట్టుకునేవాడు.

నాకు ముప్పై దాటినప్పటినుంచి అమ్మ నన్నూ అలా కూర్చోమని అడిగేది.

"ఒక్కసారి పోయి కూర్చోని రాప్పా. నీది అచ్చం మీ నాయిన మొగమే."

"అది నా పటమవుతాది గాని నాయినది ఎట్లయితాది మా? మోసం గదా."

"ఎవుర్ని మోసం చేస్తాండాము రా? ఆయనా మనాయనే, నువ్వూ మనోడివే. మధ్యలో పోలీసోళ్లకేం పని?"

నేను పిల్లలకు చరిత్ర చెప్పేవాణ్ని. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నా వృత్తిధర్మమని నాకు గట్టి నమ్మకం. కాబట్టి కుదరదన్నాను. ఏడాదికి రెండు మూడుసార్లు ఆమె అడగడం, నేను సత్యాన్ని కాపాడడం, ఆమె విస్తరి ముందు నుంచి లేచిపోవడం, ఇలా నాలుగైదేళ్లు గడిచాయి.

సత్యం మీద అంత ప్రేమ ఉన్నవాడు ఊరికే కూర్చోలేడు గదా. నేను పాత నాణేలు పోగుచేసేవాణ్ని. బంగారం, వెండి కొనే తాహతు పంతులికి ఎక్కడిది? అందుకని రాగీ కంచూ. సంతవీధిలో ఒక కంచరాయన ఉండేవాడు. చుట్టుపక్కల పల్లెల నుంచి చిల్లులుపడ్డ బిందెలు, విరిగిన గంటెలు ఆయన గంపలోకి వచ్చేవి. వాటి అడుగున చిలుముపట్టిన పాత బిళ్లలుండేవి. అవన్నీ కరిగి కొత్త బిందెలవుతాయి. శనివారం మధ్యాహ్నం నేను ఆ గంప ముందు గొంతుక్కూర్చుని చరిత్రను రక్షించేవాణ్ని. ఆయన పద్ధతి ఒకటే. బిళ్లలు కావాలంటే అంతే తూకం పాతరాగి తెచ్చియ్యాలి. మా ఇంట్లో పాతరాగి అంటే అమ్మ పాత్రలే. మొదట ఒక గరిటె పోయింది, తర్వాత దీపపు సెమ్మె పోయింది. "పిల్లి ఎత్తకపోయినట్టుంది" అనేది అమ్మ నావైపు చూస్తూ. మా ఇంట్లో పిల్లి లేదు.

రెండో యుద్ధం జరుగుతున్న రోజుల్లో, అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న రాగిచెంబు కూడా అలాగే చరిత్రలో కలిసిపోయింది. దాని తూకానికి ఇరవైకి పైగా బిళ్లలు వచ్చాయి. ఇంటికొచ్చి చూసుకుంటే అన్నీ నాకు తెలిసినవే, ఏనుగుబొమ్మలూ, కంపెనీ దుడ్లూ. ఒక్కటి మాత్రం వేరుగా ఉంది. అరచేతిలో సగముంది, ఆకుపచ్చటి చిలుము కప్పుకొని ఉంది. ఒకవైపు పెద్ద అక్షరం, ఇంగ్లీషు 'ఎమ్' లాంటిది. రెండోవైపు ఎదురుగా చూస్తున్న ఒక మనిషి, తలమీద ఈకలున్న టోపీ, చేతిలో ఒక గుండు, గుండు మీద చిన్న శిలువ. మొహం మాత్రం పూర్తిగా అరిగిపోయింది. కళ్లున్నచోట రెండు గుంటలు, ముక్కున్నచోట చదునుగా ఒక గడ్డ.

మా హెడ్మాష్టరు దాన్ని రెండు వేళ్లతో పట్టుకొని, ఎమ్ అంటే మద్రాసేనని తేల్చేశాడు. నేను అంత తేలిగ్గా వదలలేదు. పలచటి కాగితం మీద పెన్సిలు రుద్ది అచ్చుతీసి, మద్రాసులో పాత నాణేల మీద పత్రిక నడిపే ఒక పెద్దమనిషికి పంపాను. నెలకు జవాబొచ్చింది. 'ఇది బైజాంటియం రాజ్యపు కంచునాణెంలాగుంది, ఆ రాజులు కాన్‌స్టాంటినోపుల్ నుంచి ఏలారు, ఆ అక్షరం వాళ్ల లెక్కలో నలభై అనే అంకె. మీ ప్రాంతపు నేలలో ఇలాంటిది దొరికినట్టు నేను వినలేదు. స్పష్టమైన ఫోటో పంపితే మీ పేరుతో అచ్చువేస్తాను. నాణేన్ని మాత్రం కడగవద్దు.'

మీ పేరుతో అచ్చువేస్తాను! ఆ ఉత్తరాన్ని నేను స్కూల్లో చదివాను, పోస్టాఫీసులో చదివాను, క్షౌరం చేయించుకుంటూ చదివాను. కడగవద్దన్న ముక్క కూడా అందరికీ చదివి వినిపించాను, ఒక్క మా అమ్మకు తప్ప. ఆమెకు నాణేల విషయంలో ఏం తెలుసు, ఎందుకు చెప్పాలి?

ఫోటో సంగతి తర్వాత, ముందు వ్యాసం రాశాను. పెన్నలో ఏడాదికి నాలుగు రోజులు నీళ్లు పారతాయి. సరిగ్గా ఆ నాలుగు రోజులూ చూసుకొని, ఆ బైజాంటియం వర్తకులు పడవలెక్కి గండికోట లోయ కిందికి వచ్చి, వజ్రాలు కొనుక్కొని, ఇసక మేట వేయకముందే తిరిగి వెళ్లిపోయారని ఇరవై రెండు పేజీల్లో నిరూపించాను. నాణెం ఎక్కడ దొరికిందన్న చోట 'పెన్న ఒడ్డున' అని రాశాను. కంచరాయన్ను అడగలేదు. కంచరివాడికి చరిత్ర ఏం తెలుస్తుంది?

పెట్రోలు దొరకని రోజులవి, బస్సులకు బొగ్గు పొయ్యిలు తగిలించారు. ఎత్తు వచ్చినప్పుడల్లా మేము దిగి నడుస్తుంటే, బస్సు మా వెనక నిదానంగా వచ్చేది. అలా ప్రొద్దుటూరు చేరి సాయిబు దుకాణంలో నాణెం బయటపెట్టాను. ఆయనకు అప్పటికే యాభై ఉంటాయి, గోరింటాకు పెట్టిన గడ్డం, మెడలో భూతద్దం.

"ఎవురి పటం సారూ? మీదా?"

"నాది కాదు, దీనిది."

సాయిబు నాణెం తిప్పి చూశాడు. కాన్‌స్టాంటినోపుల్ రాజని చెప్పాను. అర్థం కాలేదు. వివరం చెప్పాక ఆయన మొహం వెలిగింది. "కుస్తుంతునియానా? అట్ల చెప్పండి సారూ. రూం పాదుషా!" అని దాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. కాన్‌స్టాంటినోపుల్‌కు ఆయన భాషలో పేరు కుస్తుంతునియా, ఆ రాజ్యం పేరు రూం. అంతవరకూ నాణెం, అప్పటినుంచి పాదుషా. సాయిబు ఆయన్ను తీసుకెళ్లి మఖమలు గుడ్డ పరిచిన కుర్చీలో పెట్టాడు. వెనక తెరమీద రాజమహలు మెట్లు, పూలకుండీలు. పాదుషాకు తగిన చోటేనని ఆయన ఉద్దేశం.

నేను కుర్చీ నుంచి పాదుషాను దింపి, స్కూలు పలక మీద మైనంతో అతికించి, కిటికీ పక్కన నిలబెట్టాను. వెలుతురు పక్కనుంచి పడాలని, అప్పుడే అరిగిన గీతలు కనిపిస్తాయని పాఠం చెప్పాను. సాయిబు ఓపిగ్గా విన్నాడు. కెమెరా తోలుసంచీని చాతనైనంత ముందుకు సాగదీసి, నల్లగుడ్డలో తలపెట్టి, చాలాసేపు అందులోనే ఉండిపోయాడు.

"ఒగటే గాజుపలక ఉండాది సారూ. యుద్ధం గదా, తెల్లోళ్ల సీమ నుంచి పలకలు వస్తాండ్లేదు. ఇంగొకటి దాచినా గాని, అది తాసీల్దారుగారి వీడ్కోలు పటానికి."

"ఒకటి చాలు. మొగం మాత్రం తేటగా రావల్ల."

ఈ చివరి మాట అన్నది నేనే. ఎవర్నీ తప్పుపట్టను. నాణేల భాషలో ఆ మాటకు ఒక అర్థం, సాయిబు వృత్తిలో ఇంకొక అర్థం. ఇరవై ఏళ్లుగా ఆ దుకాణానికి వచ్చిన ప్రతి కొడుకూ ఆయనతో అన్న మాట అదే. నాణేన్ని నాకిచ్చేసి, ఎనిమిది రోజులకు రమ్మన్నాడు.

ఎనిమిదో రోజు వెళితే, రెండు పటాలు కవర్లో పెట్టి చేతికిచ్చాడు. పాదుషా తాంబూలం పళ్లెమంత పెరిగాడు. గుంటలున్నచోట కళ్లొచ్చాయి. ముక్కొచ్చింది. ఈకల టోపీ చక్కటి తలగుడ్డ అయింది, వెనక కుచ్చు కూడా ఉంది. చేతిలో గుండు, దాని మీది శిలువ కలిసి మూత ఉన్న చెంబు అయ్యాయి. ముక్కు కింద దట్టంగా, కొసలు మెలిపెట్టిన మీసం. ఆ మీసం నేను రోజూ అద్దంలో చూసుకొని నూనె రాసేదే.

"ఇదేంది సాయిబూ?"

"పాదుషా సారూ. మొగం తేటగా రావల్లంటిరి గదా, తెచ్చినా."

"ఈ మీసం నాది గదా!"

"మీదే." ఆయనకు నా కోపం అర్థం కాలేదు. "మొగం లేనోళ్ల పటానికి వాళ్ల ఇంటోళ్ల మొగం చూసి గీస్తాము సారూ. ఈయన ఇంటోళ్లు యాడో కుస్తుంతునియాలో ఉండారు. ఈడ ఈయనకు ఉండేది మీరొక్కరే గదా."

డబ్బులు లెక్కపెట్టి ఇచ్చి, కవరు తీసుకొని బయటికొచ్చాను.

సత్యవంతుడైతే ఆ పటాలు అక్కడే చింపేసి రావాలి. నేనేం చేశానంటారా? బస్సు కోసం చెట్టుకింద కూర్చుని, కవర్లోంచి తీసి మళ్లీ చూశాను. పత్రిక అచ్చుకు పోయే గడువు దగ్గరపడింది. వేరే పలక లేదు. పెద్దమనిషికి వయసు మళ్లిందని విన్నాను, చూపు ఆనదేమో. అదీగాక, ఒప్పుకోవాలి, పాదుషాకు నా మీసం బాగానే అమిరింది. ఒక పటం వ్యాసంతో కలిపి మద్రాసుకు పోస్టు చేశాను. తండ్రి పటానికి కూర్చోమంటే మోసమన్నవాణ్ని, ముక్కూ మొహం తెలియని రాజుకు మాత్రం నా మొహం సంతోషంగా ఇచ్చేశాను.

రెండో పటం ఇంట్లో బియ్యం ఏరుకుంటున్న అమ్మ కంటపడింది. చేట కిందపెట్టి, చేతులు కొంగుకు తుడుచుకొని, పటాన్ని వెలుతురుకు పట్టి చూసింది. తర్వాత వేలితో ఒకచోట తాకింది.

"నా చెంబు" అంది.

నేను నోరు తెరిచేలోపు ఆమె లేచి, గోడకున్న నాగదంతి కొయ్య మీది గుడ్డలు తీసేసి, అక్కడ పటం తగిలించింది. అది నాయిన అనుకుంటోందని నాకు అర్థమైంది. కాదని చెప్పాలి. రెండుసార్లు గొంతు సవరించుకున్నాను. నా భార్య వంటింటి గడప దగ్గర నిలబడి, మాట్లాడితే చూడు అన్నట్టు నావైపు చూసింది. నేను బడికి వేళైందని బయటికి వెళ్లిపోయాను. ఆ రోజు ఆదివారం.

మరుసటి వారం నాణెం కూడా నా పెట్టెలోంచి పటం కింది గూట్లోకి మారింది. ఆ బిళ్ల నుంచే పటం వచ్చింది కాబట్టి అది కూడా నాయినదేనని అమ్మ వరస. నేను అడ్డు చెప్పలేదు. పెట్టెలో ఉన్నా గూట్లో ఉన్నా ఒకటే అనుకున్నాను. ప్రతి పొద్దునా ఆమె పటం ముందు నిలబడి, అరచేయి పటం మీద పెట్టి కొంతసేపు ఉండేది. దుమ్ము తుడుస్తోందనుకున్నాను. ముప్పై అయిదేళ్లొచ్చినా నా తెలివి అంతవరకే.

మద్రాసు నుంచి జవాబొచ్చింది. పెద్దమనిషికి చూపు బాగానే ఆనుతుంది. 'మీరు పంపినది నాణెం ఫోటో కాదు. ఆ కాలపు ఆ రాజుల నాణేలు నేను చాలా చూశాను. ఈ తరహా నాణెం మీద రాజుకు గడ్డమూ లేదు, మీసమూ లేదు. కడప జిల్లా మీసం అసలే లేదు. మీ మీద నమ్మకం పూర్తిగా పోకముందే నాణేన్ని ఉన్నది ఉన్నట్టు పంపండి.' ఉన్నది ఉన్నట్టు! పిల్లలకు నేను చెప్పే మాటే నాకు రిజిస్టరు పోస్టులో వచ్చింది.

ఇంటికి పరుగెత్తి గూట్లో చూశాను. శుక్రవారం. గూట్లో దీపపు కుందులు, గంట, హారతిపళ్లెం తళతళ మెరుస్తున్నాయి. వాటి పక్కన ఇంకొకటి మెరుస్తోంది. చేతిలోకి తీసుకున్నాను. కొత్త పైసాలాగుంది. చిలుము పోయింది. చిలుముతో పాటు కళ్ల గుంటలు, ముక్కు గడ్డ, ఈకలు పోయాయి. వెనక అక్షరం, బాగా వంచి చూస్తే, ఉందేమో అనిపిస్తోంది. వందల ఏళ్లు మట్టీ నీళ్లూ చేయలేని పని, అమ్మ చింతపండూ ఇటుకపొడీ నాలుగు శుక్రవారాల్లో చేసేశాయి.

నేను అరిచాను. అమ్మ మీద అంతకుముందెప్పుడూ అలా అరవలేదు. నా పదకొండేళ్ల కష్టమన్నాను, నా పేరు అచ్చయ్యేదన్నాను, చదువులేని మనుషులతో వేగలేనన్నాను. చివరికి ఇన్నాళ్లూ దాచిపెట్టినది కూడా కక్కేశాను.

"అది నాయిన కాదు మా! ఎవుడో రూం పాదుషా! ఆ మీసం నాది! సాయిబు నన్ను చూసి గీసినాడు!"

అమ్మ హారతిపళ్లెం తుడుస్తూ తుడుస్తూ ఆగింది.

"తెలుసులేప్పా" అంది. "మీ నాయినకు మీసం యాడిది?"

నా చెయ్యి నా మీసం మీదికి పోయింది.

"నేసేటప్పుడు నాడె కంట్లోంచి, ఆ చిన్న చిల్లిలోంచి, పోగు నోటితో పీల్చి లాగేటోడు గదా. మీసం పెంచితే పోగు చిక్కుకుంటాదని మూడుదినాలకొకసారి గొరిగించుకునేటోడు. పెండ్లినాడు గూడా లేదు. నీకు గుర్తులేదా?"

గుర్తులేదు. అది ఒప్పుకోవడానికి నాకు చాలాసేపు పట్టింది. మగ్గం గుంటలో కూర్చున్న నడుము గుర్తుంది. నాడె ఇటూ అటూ పోయే చప్పుడు గుర్తుంది. పోగును పీల్చినప్పుడు వచ్చే చిన్న శబ్దం, అమ్మ చెప్పాక, అదీ గుర్తొచ్చింది. మొహం మాత్రం ఎంత వెతికినా రాలేదు. ఎవరో రాజు అరిగిన ముక్కు కోసం వెలుతురు ఏ పక్కనుంచి పడాలో నాకు తెలుసు. కన్నతండ్రికి మీసముందో లేదో తెలియదు. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను.

"తెలిసీ ఏమిటికి పెట్టుకుంటివి మా?"

"కండ్లు ఆయనవే ఉండాయి. సాయిబు నిన్ను చూసి గీసినాడంటివే, నీకు మీ నాయిన కండ్లే వచ్చినాయి." ఆమె లేచి పటం దగ్గరికి వెళ్లి, అరచేతిని అడ్డంగా పాదుషా ముక్కు కింద పెట్టింది. "ఇట్ల మూసుకొని చూసుకుంటాండా. శానా వరకు వస్తాడు. మూతి కాడే రాడు. ఆ మీసం తీసేయమని సాయిబుకు చెప్తావా? నీకు కోపం రాదంటే."

నాకు కోపమట!

మరుసటి రోజు పొద్దున్నే మళ్లీ బొగ్గుబస్సెక్కాను. పక్కసీట్లో మా కంచరాయన, ప్రొద్దుటూరులో ఏదో పెళ్లికట. అలవాటు కొద్దీ అడిగాను, ఆ పెద్ద బిళ్ల ఏ ఊరినుంచి వచ్చిందని. "అదా సారూ? పోయిన యుద్ధంలో బస్రా దిక్కు, తుర్కీవాళ్ల మీదికి పోయొచ్చిన సిపాయి ఒకడుండె మా పక్కూర్లో. వాడు పోయినాక వాళ్లోళ్లు సంచి తెచ్చి గంపలో కుమ్మరించిపోయినారు" అన్నాడు. పెన్నలో నా పడవలన్నీ ఆ క్షణంలోనే ఇసకలో దిగబడిపోయాయి. ముందురోజైతే నేనక్కడే బస్సు దిగి తల బాదుకునేవాణ్ని. ఆ రోజు మాత్రం, ఓహో అని, కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

సాయిబు గాజుపలకను వెలుతురుకు పట్టి చూపించాడు, అందులో నలుపు తెల్లగా, తెలుపు నల్లగా తిరగబడి ఉంది. "తెలుపు చేయల్లంటే పెన్సిలు సారూ, అది తుడిస్తే పోతాది. నలుపు చేయల్లంటే కత్తి. మీసం కత్తితో గీరినా. గీరినాక లోపల ఇంగేమీ ఉండదు. మళ్లా పెట్టనీకి రాదు." పలక మీద మీసమున్న చోట గాజు ఖాళీగా, తేటగా ఉంది. దాని గుండా సాయిబు వేళ్లు కనిపించాయి.

నాయిన సంగతి, పోగు సంగతి, అమ్మ అరచేతి సంగతి ఆయనకు చెప్పాను. ఆయన గడ్డం నిమురుకుంటూ విన్నాడు. తర్వాత లేచి లోపలికి వెళ్లి, నల్లకాగితంలో చుట్టిన పలక ఒకటి తెచ్చాడు.

"తాసీల్దారుగారు ఇంగో తాలూకాకు గూడా పోతారు సారూ. ఆయన వీడ్కోలు మళ్లా వస్తాది. మీరు కూర్చోండి."

"కత్తీ పెన్సిలూ వద్దు సాయిబూ."

"వద్దులే సారూ. మీసం మాత్రం మీరే తీసుకోవల్ల, నాతో కాదు."

దుకాణం పక్కనే మంగలి ఉన్నాడు. కుర్చీలో కూర్చుని మీసమంటే, కత్తిరించాలా, దువ్వాలా అన్నాడు. తీసేయమన్నాను. అతను కత్తి పక్కన పెట్టి, చేతులు కట్టుకొని, చిన్న గొంతుతో అడిగాడు: "ఎవురు పోయినారు సారూ?"

మాలో తండ్రి గాని తల్లి గాని పోయినప్పుడు కొడుకు మీసం తీసేయిస్తాడు. ఊరికే మీసం తీయించుకునేవాడు ఉండడు. మా నాయిన పోయినప్పుడు నాకు తల మాత్రమే గొరిగారు. మీసమింకా మొలవలేదు.

"మా నాయిన" అన్నాను.

"అయ్యో" అన్నాడు మంగలి. ఎప్పుడని అడగలేదు. నీళ్లు అద్ది మెత్తగా, ఎక్కడా గాటు పడకుండా తీశాడు.

తర్వాత తలకు నాయిన తలగుడ్డ చుట్టుకొని కుర్చీలో కూర్చున్నాను. ఇంట్లోంచి వచ్చేటప్పుడు అమ్మ దాన్ని సంచిలో పెట్టింది, ఎందుకో నేను అడగలేదు. సాయిబు నల్లగుడ్డలో దూరాడు. నా పైపెదవికి గాలి చల్లగా తగిలింది. కదలొద్దన్నాడు, నేను కదల్లేదు.

సాయంత్రం వీధిలో దిగేసరికి ఎదురింటాయన, రోజూ తన పటానికి దండం పెట్టుకునే ఆయనే, అరుగుమీద పోగులు సరిచేసుకుంటున్నాడు. నా మొహం చూసి పోగులు వదిలేసి లేచాడు.

"అయ్యో, ఎవురప్పా?"

"మా నాయినే."

ఆయన మా నాయిన పాడె మోసినవాడు. నేను వేళాకోళమాడుతున్నానేమోనని ఒక క్షణం చూశాడు. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. "అవునప్పా" అన్నాడు మెల్లగా. "అప్పుడు నీకు మీసం రాలేదు గదా."

నేను తలూపి మా ఇంటివైపు తిరిగాను. మా గడపలో అమ్మ చేట పట్టుకొని నిలబడి ఉంది. నేను దగ్గరికి వెళ్లాను. ఆమె నన్ను చూసింది. అరచేయి ఎత్తింది గాని, ఎక్కడా అడ్డం పెట్టుకోలేదు.

ఎనిమిది రోజులకు పటం వచ్చింది. పాదుషాను దింపి దాన్ని గోడకు తగిలించాను. అమ్మ దానికి దండ వేసి, ఒకసారి చూసి, వంటింట్లోకి పోయింది. ఆ ఎనిమిది రోజులూ ఆమె నేను అన్నం తింటుంటే చూసింది, రాసుకుంటుంటే చూసింది, పిల్లల్ని కోప్పడుతుంటే చూసింది. పటంతో ఆమెకు పెద్దగా పని లేకపోయింది. ఆ మధ్యలో, మూడో రోజుకే నా పెదవి మీద నల్లగా మొలకలు కనిపించాయి. ఆమె ఏమీ అడగలేదు. నేనే మంగలి దగ్గరికి వెళ్లాను.

మద్రాసు పెద్దమనిషికి నాణెం పోయిందని రాశాను. నా పేరు ఎక్కడా అచ్చుకాలేదు. ఆ బిళ్ల ఇప్పటికీ నా దగ్గరుంది, రెండువైపులా నున్నగా, ఏ రాజుదీ కాకుండా. అమ్మ ఆ తర్వాత పదకొండేళ్లు బతికింది. మూడు దినాలకొకసారి, నాయినలాగే, నేను మీసం గొరిగించుకుంటూ వచ్చాను. ఆమె పోయిన రోజున తీయడానికి నాకు మళ్లీ మీసం లేదు.